నెల్లూరు–చెన్నై బాడుగలు: యాప్‌లో చేరాలా, బయటే ఉండాలా?

సింహపురి_చక్రాలు (నెల్లూరు) | సోమవారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మద్రాసు బస్టాండు దగ్గర నాన్నగారి కాలం నుంచి మాకు చిన్న ట్రావెల్స్ ఉంది. రెండు సెడాన్లు, ఒక ఇన్నోవా, మూడూ ఎల్లో బోర్డే. ఊళ్లో తిరిగే బేరాలు మాకు తక్కువ. సగానికి పైగా చెన్నైవే: విమానాశ్రయం, ఆసుపత్రులు, పెళ్లి బట్టలు. మిగతావి తిరుపతి, పెంచలకోన, అప్పుడప్పుడు కృష్ణపట్నం ఓడరేవుకు వచ్చే కంపెనీ వాళ్లు.

మేము ఎప్పుడూ రానుపోను కిలోమీటర్లకే లెక్క కడతాం. టోల్, డ్రైవర్ బేటా (రోజు భత్యం) వేరు. ఇప్పుడు ఫోను చేసినవారు ముందుగా అడిగేది "వన్‌వే ఎంత?" అనే. చెన్నై విమానాశ్రయం మా కొట్టు నుంచి దాదాపు 190 కిలోమీటర్లు. కిలోమీటరుకు 12 రూపాయల చొప్పున రానుపోను 380కి 4,560 అవుతుంది. టాక్సీ యాప్ ఒక వైపుకే కిలోమీటరుకు 14 వేసి 2,660 చూపిస్తోంది. ఆ స్క్రీన్‌షాట్ నాకే పంపి "మీరెందుకు ఇవ్వలేరు?" అంటున్నారు. వాళ్లలో ఇరవై ఏళ్లుగా మా బండ్లే ఎక్కుతున్నవారూ ఉన్నారు.

నా ముందున్నవి రెండు దారులు. బండ్లన్నీ యాప్‌కు కట్టేయడం, లేదా పాత ధరకే కూర్చుని పాత ఖాతాదారులతో సరిపెట్టుకోవడం. మూడో దారి ఎవరికైనా కనిపిస్తే చెప్పండి.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు) | సోమవారం, ఉదయం 7:35

ఆలస్యంగా అడిగారు. ట్రంక్ రోడ్డు మీద ఆటోవాళ్లను అడిగి చూడండి. బైక్ టాక్సీ వచ్చాక ఒంటరి ప్రయాణికుడు పోయాడు. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం వచ్చాక షేర్ ఆటోలో సగం సీట్లు పోయాయి. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం డ్రైవర్ల ఖాతాల్లో 15 వేలు వేసింది నిజమే, కానీ అది ఏడాదికి ఒకసారి. ఫైనాన్స్ కంపెనీ వాయిదా నెల నెలా వస్తుంది.

మీ చెన్నై బేరాన్ని యాప్ ఒక్కటే తినలేదు. 2023 సెప్టెంబరులో విజయవాడ–చెన్నై మధ్య మొదలైన వందే భారత్ ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఆగుతోంది. ఒక్కరో ఇద్దరో అయితే కారు ఎందుకు మాట్లాడుకుంటారు?

లెక్కల_మాస్టారు (కావలి) | సోమవారం, ఉదయం 9:10

రైలు సంగతి నిజమే గాని, అర్ధరాత్రి రెండింటికి విమానం ఉన్నవారికి వందే భారత్ పనికిరాదు. ఆ బేరం గురించి మాట్లాడుకుందాం.

ఆ 2,660లో మాయ ఏమీ లేదు. చెన్నైలో ఖాళీ అయిన కారుకు ఇటువైపు వచ్చే మరో ప్రయాణికుడు దొరుకుతాడన్న నమ్మకానికి కట్టిన ధర అది. ఆ నమ్మకం ఫలించకపోతే నష్టం ఎవరిదో చూడండి. టోల్, డ్రైవర్ ఖర్చు పక్కన పెడదాం. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే సెడాన్, డీజిల్ 97 రూపాయలు అనుకుందాం. 380 కిలోమీటర్లకు 19 లీటర్లు, 1,843 రూపాయలు.

మీ పాత పద్ధతి: 4,560లో డీజిల్ పోగా మిగిలేది 2,717.

యాప్‌లో వెళ్లి ఖాళీగా తిరిగి వస్తే, కమీషన్ 15 శాతం అనుకుంటే, చేతికి 2,261. డీజిల్ పోగా 418. వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట టోల్‌గేట్లు, తమిళనాడులో నల్లూరు దాటేసరికి అదీ మిగలదు.

యాప్‌లోనే తిరుగు బేరం కూడా దొరికితే రెండు వైపులా కలిపి 5,320. కమీషన్ 798, డీజిల్ 1,843 పోగా 2,679. అంటే మీ పాత ఆదాయానికి 38 రూపాయలే తక్కువ. ప్రయాణికుడికి మాత్రం 1,900 మిగులుతోంది. అందుకే అతను స్క్రీన్‌షాట్ పంపుతున్నాడు.

ఇక నాలుగో లెక్క. తిరుగు బేరం మీరే వెతుక్కుంటే కమీషన్ ఉండదు. 5,320లో డీజిల్ పోగా 3,477. పై మూడింటికన్నా ఇదే ఎక్కువ. అంటే మీరు పోటీ పడవలసింది యాప్ చూపించే ధరతో కాదు, అది నింపే తిరుగు ప్రయాణంతో.

ఆత్మకూరు_స్టీరింగ్ | సోమవారం, ఉదయం 11:25

మాస్టారూ, లెక్క బాగుంది. అందులో గంటలు లేవు.

తిరుగు బేరం కోసం ఎంతసేపు కాచుకోవాలో నన్ను అడగండి. మీనంబాక్కం విమానాశ్రయం బయట, రోడ్డు పక్కన, సీటు వెనక్కి వాల్చి, ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకుంటాం. మోగితే లేవాలి, కొన్ని క్షణాల్లో నొక్కాలి. నొక్కితే అది తాంబరం అవతల ఎక్కించుకోవలసిన బేరం, అక్కడిదాకా వెళ్లే డీజిల్ నాది. వద్దంటే రేటింగ్ పడిపోతుంది. రెండు మూడు సార్లు వద్దంటే ఆ పూటంతా ఫోను మోగదు. ఎందుకు మోగదో అడగడానికి మనిషి ఉండడు.

నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద యాప్‌కు నడిపాను. పేరు వద్దు. మొదట్లో రోజుకు ఇన్ని ట్రిప్పులు చేస్తే ఇంత బోనస్ అన్నారు, ఇచ్చారు కూడా. ఆ బోనస్‌ను చూపించి ఫైనాన్స్‌లో కారు తీసుకున్నాను. ఏడాది తిరిగేసరికి ట్రిప్పుల లక్ష్యం పెరిగింది, బోనస్ తగ్గింది, వాయిదా మాత్రం అలాగే ఉంది. కారు అమ్మేసి ఊరికి వచ్చాను. ఇప్పుడు వేరే ఓనరు బండి నడుపుతున్నాను. చక్రాలు అన్నా, బండ్లన్నీ కట్టేయాలనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

వేదాయపాళెం_అమ్మాయి | సోమవారం, మధ్యాహ్నం 1:05

డ్రైవర్ల కష్టం అర్థమవుతోంది. ప్రయాణికుల వైపు నుంచి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నాది చెన్నైలో ఉద్యోగం, నెలకు ఒకటి రెండుసార్లు ఇంటికి వస్తాను. ఊళ్లో ట్రావెల్స్‌కు ఫోను చేస్తే "బండి ఉందమ్మా, చూసుకుందాం" అంటారు. ఎంత అంటే "మీకు తెలియనిది ఏముంది" అంటారు. స్విఫ్ట్ డిజైర్ చెప్పి, వచ్చేటప్పుడు వేరే ఎవరిదో పాత బండి పంపుతారు. సూళ్లూరుపేట దాటాక ఏసీ వేస్తే కిలోమీటరుకు రూపాయి ఎక్కువ అంటారు. దిగేటప్పుడు "టీ ఖర్చు" వేరే.

యాప్‌లో ఎక్కకముందే ధర తెలుస్తుంది. బండి నంబరు తెలుస్తుంది. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరితే అమ్మ ఇంట్లో కూర్చుని కారు ఎక్కడుందో ఫోనులో చూసుకుంటుంది. ఆఫీసులో డబ్బు తిరిగి ఇవ్వాలంటే బిల్లు కావాలి, అది మెయిల్‌కు వచ్చేస్తుంది. నేను యాప్ తీసేది 1,900 మిగులుతుందని మాత్రమే కాదు.

ఓలా పుట్టిందే ఇలాంటి గొడవలోంచి అంటారు. భవిష్ అగర్వాల్ బెంగళూరు నుంచి బందీపూర్‌కు కారు మాట్లాడుకుని వెళ్తుంటే దారిలో మైసూరులో డ్రైవర్ ఆపి ఎక్కువ అడిగాడని ఆయనే చాలాచోట్ల చెప్పారు. 2010 చివర్లో కంపెనీ పెట్టారు. ఆ డ్రైవర్ ఆ రోజు మాట మీద నిలబడి ఉంటే ఏమయ్యేదో!

సింహపురి_చక్రాలు | సోమవారం, మధ్యాహ్నం 2:20

అమ్మా, ఏసీ సంగతి మా బండ్లలో ఉండదు. మీరు చెప్పినవారు ఎవరో నాకు తెలుసు, ఈ వీధిలోనే ఉన్నారు.

బిల్లు మేమూ ఇస్తాం. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటనందున జీఎస్టీ నంబరు లేదు, చేతితో రాసిన బిల్లే. యాప్‌లో బుక్ అయిన ప్రయాణానికి పన్ను యాప్ కంపెనీయే కట్టాలన్నది చట్టం. అందుకని వాళ్ల బిల్లు నిండుగా కనిపిస్తుంది. మన బిల్లును మీ ఆఫీసు అకౌంట్స్‌లో వెనక్కి పంపుతున్నారంటే అది చూడవలసిన విషయమే.

ఒంగోలు_గ్రానైట్ | సోమవారం, సాయంత్రం 5:40

ఇక్కడ అందరూ ఒకే రకం బేరం గురించి మాట్లాడుతున్నారు. చీమకుర్తికి రండి.

మా దగ్గరకు రాయి కొనేవాళ్లు చెన్నైలో దిగుతారు. ఒంగోలులో పడుకుని, పొద్దున్నే క్వారీకి. అక్కడ దిమ్మలు చూస్తారు, నీళ్లు చల్లించి మళ్లీ చూస్తారు, బేరమాడతారు. రెండు గంటలు అన్నది ఆరు గంటలవుతుంది. ఆ తర్వాత మరో క్వారీ. దారిలో లారీలు, దుమ్ము, పైకి ఎక్కే చోట చిన్న సెడాన్ కింద రాయి తగులుతుంది. ఏ క్వారీకి ఏ దారో మా డ్రైవర్‌కు తెలుసు, ఏ మేస్త్రీని పిలవాలో కూడా తెలుసు. ఇది యాప్‌లో ఏ గడిలో నింపాలి? మేము నెల లెక్కన బండి పెట్టుకున్నాం, ఇప్పటికీ ఒక ట్రావెల్స్ వారిదే.

ఆసుపత్రి బేరాలూ అంతే. వేలూరు సీఎంసీకి పెద్దవారిని తీసుకెళ్లేవాడికి డ్రైవర్ ఒక్కడే కాదు, చక్రాల కుర్చీ తోసే మనిషి, టోకెన్ కోసం వరుసలో నిలబడే మనిషి. అక్కడ "వన్‌వే ఎంత" అని అడిగేవాడు తక్కువ. చక్రాలు గారూ, మీ బేరాలను రెండు కుప్పలు చేయండి. దింపి వచ్చేసేవి ఒకటి, కాచుకుని తెచ్చేవి ఒకటి. మొదటి కుప్పలో మాత్రమే మీకు యాప్ పోటీ.

కోడ్_కందుకూరు | సోమవారం, రాత్రి 9:15

మన ట్రావెల్స్ వాళ్లంతా కలిసి సొంత యాప్ ఎందుకు పెట్టుకోకూడదు? బెంగళూరులో 2022 నవంబరులో నమ్మ యాత్రి అనే ఆటో యాప్ వచ్చింది. డ్రైవర్ దగ్గర కమీషన్ లేదు, తర్వాత రోజుకు 25 రూపాయల చందా పెట్టారు. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంది. నేను సాయంత్రాలు కూర్చుని పని చేస్తాను, డబ్బు వద్దు.

లెక్కల_మాస్టారు | సోమవారం, రాత్రి 10:30

మీ ఉత్సాహం చాలా బాగుంది బాబూ. కానీ కోడ్ లేక ఆగిన వ్యాపారం కాదిది. ప్రయాణికులు ఎక్కడ ఉంటే డ్రైవర్లు అక్కడికి వస్తారు, డ్రైవర్లు ఉన్నచోటికే ప్రయాణికులు వస్తారు. ఆ మొదటి గుంపును పోగు చేయడానికి పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి నష్టానికి నడిపాయి. ఉబర్ 2009లో పుట్టింది, మన దేశానికి 2013లో వచ్చింది. ఏడాది మొత్తానికి నిర్వహణ లాభం మొదటిసారి చూసింది 2023లో. ఈలోగా చైనా వ్యాపారాన్ని 2016లో అక్కడి దీదీ కంపెనీకి, ఆగ్నేయాసియా వ్యాపారాన్ని 2018లో అక్కడి గ్రాబ్ కంపెనీకి అప్పగించి బయటపడింది. ఓలా 2015లో తన పోటీ కంపెనీ టాక్సీఫర్‌ష్యూర్‌ను దాదాపు 20 కోట్ల డాలర్లకు కొని మరుసటి ఏడాదే మూసేసింది. ఆ స్థాయిలో డబ్బు తగలేస్తేగాని నిలబడని ఆటలోకి మద్రాసు బస్టాండు ట్రావెల్స్ వాళ్లు దిగితే ఇల్లు గుల్ల అవుతుంది.

ఆ పెద్ద కంపెనీలకూ ఒక బలహీనత ఉంది. డ్రైవర్ ఫోనులో రెండు మూడు యాప్‌లు ఉంటాయి, ఏది ముందు మోగితే అది. ప్రయాణికుడూ అంతే, నాలుగు తెరిచి తక్కువది నొక్కుతాడు. విధేయత రెండు వైపులా లేదు. అందుకే కమీషన్ పద్ధతి అన్నిచోట్లా నిలవలేదు. నమ్మ యాత్రి చందా దారి చూపాక, ఉబర్ 2025 ఫిబ్రవరిలో ఆటోలను కమీషన్ నుంచి చందాకు మార్చింది, ఓలా అదే ఏడాది జూన్‌లో కమీషన్ తీసేస్తున్నట్లు చెప్పింది. కొమ్ములు తిరిగిన కంపెనీలు ఒక చిన్న యాప్ దారికి వచ్చాయంటే బలం ఎటు జారుతోందో చూడండి.

పైగా మన ఊరి సాంద్రత వేరు. హైదరాబాద్‌లో రెండు నిమిషాల్లో కారు వస్తుంది. నెల్లూరులో రాత్రి పదకొండింటికి రామలింగాపురం నుంచి యాప్‌లో కారు పిలిచి చూడండి, చుక్కలే తిరుగుతాయి.

పెన్నా_ఒడ్డు | మంగళవారం, ఉదయం 6:30

అన్నీ యాప్ పాపాలే అనుకోవద్దు. రొట్టెల పండుగ రోజుల్లో రైల్వే స్టేషన్ నుంచి బారా షహీద్ దర్గాకు మన స్టాండువాళ్లు అడిగేది ఎంత? లక్షల మంది వస్తారు. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టె పట్టుకోవడానికి మహారాష్ట్ర నుంచి, కర్ణాటక నుంచి వచ్చినవారి ముందు నోటికి వచ్చింది అడుగుతారు. యాప్ ధర పెంచితే "దోపిడీ" అని వార్త, స్టాండు పెంచితే "సీజన్".

కేంద్రం 2020 మార్గదర్శకాల్లో యాప్ రద్దీ ధర మూల ధరకు ఒకటిన్నర రెట్లు దాటకూడదని పెట్టింది, 2025 జూలైలో దాన్ని రెండు రెట్లు చేసింది. స్టాండులో అలాంటి హద్దు ఏదీ కనబడదు.

ఆత్మకూరు_స్టీరింగ్ | మంగళవారం, ఉదయం 8:05

ఆ మార్గదర్శకాల్లోనే సొంత బండి ఉన్న డ్రైవర్‌కు ధరలో కనీసం 80 శాతం ఇవ్వాలని కూడా ఉంది పెద్దాయనా. రాష్ట్రాలు అమలు చేస్తేనే అది మా జేబులోకి వచ్చేది. డ్రైవర్ రద్దు చేస్తే 10 శాతం, వంద రూపాయలకు మించకుండా జరిమానా అన్నారు. మా వైపు జరిమానా వెంటనే పడుతుంది, మాకు రావలసింది మాత్రం ఫిర్యాదు నంబరుగా మిగులుతుంది.

దర్గా దగ్గర స్టాండువాళ్లు అడిగేది తప్పే. నేను కాదనను.

నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 8:40

స్టాండ్ల పేర్లు, బండి నంబర్లు పెట్టిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. విషయం మీదే ఉండండి.

సింహపురి_చక్రాలు | మంగళవారం, మధ్యాహ్నం 12:15

రాత్రి కూర్చుని నా డైరీ తిరగేశాను. గ్రానైట్ గారు చెప్పినట్లు రెండు కుప్పలు చేశాను. ఆదాయంలో పెద్ద భాగం ఆసుపత్రులు, పెళ్లిళ్లు, తిరుపతి దర్శనాల నుంచే వస్తోంది. వీటిని యాప్ తాకలేదు. పోతున్నదంతా విమానాశ్రయం బేరమే. అదే నేను ఎక్కువగా ఏడుస్తున్న బేరం కూడా.

తిరుగు బేరం కోసం వాట్సాప్ గ్రూపు మాకు ఎప్పటి నుంచో ఉంది. గూడూరు, నాయుడుపేట, తిరుపతి, చెన్నై తెలుగు ట్రావెల్స్ వాళ్లు ఉన్నారు. "ఉదయం పదింటికి చెన్నైలో ఖాళీ సెడాన్" అని పెడతాం. పని చేయదు. ఎందుకంటే ప్రయాణికుడిని ఇచ్చినవాడు మూడు వందలు పట్టుకుంటాడు, తీసుకున్నవాడు ఆ ప్రయాణికుడికి తన కార్డు ఇచ్చేస్తాడు. మరుసటి నెల ఆ ఖాతాదారు నేరుగా అతనికే ఫోను చేస్తాడు. అందుకని మంచి ఖాతాదారులను ఎవరూ గ్రూపులో పెట్టరు, గీచి గీచి బేరమాడే వాళ్లనే పెడతారు.

లెక్కల_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

మీకు కావలసిన మూడో దారి అక్కడే ఉంది. టెక్నాలజీ అక్కర్లేదు, కట్టుబాటు కావాలి. యాప్ చేస్తున్న అసలు పని కారు పంపడం కాదు, ముక్కూ మొహం తెలియని ఇద్దరి మధ్య హామీ ఉండటం. మీ గ్రూపులో పదిమంది ఒకరి ఖాతాదారును ఒకరు లాక్కోబోమని రాసుకుని, తప్పినవాడిని బయటకు పంపగలిగితే చాలు. ఖాతాదారుతో మాట ఎప్పుడూ మొదటి ట్రావెల్స్‌దే, బిల్లూ వారిదే. తీసుకున్నవాడు బండి మాత్రమే ఇస్తాడు. ఇచ్చినవాడికి ఎంత అన్నది ముందే నిర్ణయించండి. యాప్ 15 శాతం తీస్తే మీరు 8 పెట్టుకోండి.

ధర మాత్రం వన్‌వేగానే చెప్పండి. తిరుగు బేరం ఖాయమైన రోజున 2,660, ఖాయం కాని రోజున 3,300. ఎందుకు తేడానో ప్రయాణికుడికి చెబితే అర్థం చేసుకుంటాడు. రెండు రోజుల ముందు బుక్ చేసినవారికి తక్కువ ధర ఇవ్వండి, మీకు తిరుగు బేరం వెతుక్కునే సమయం దొరుకుతుంది.

వేదాయపాళెం_అమ్మాయి | మంగళవారం, మధ్యాహ్నం 2:10

నాకు సమ్మతమే. బుక్ చేయగానే ధర, బండి నంబరు, డ్రైవర్ ఫోను ఒక్క సందేశంలో పంపండి. బండి మారితే ముందే చెప్పండి. బయలుదేరాక డ్రైవర్ వాట్సాప్‌లో లొకేషన్ పెడితే చాలు. దీనికి ఏ యాప్ కావాలి?

కోడ్_కందుకూరు | మంగళవారం, మధ్యాహ్నం 3:00

ఆ సందేశం దానంతట అదే వెళ్లేలా, ఎవరి ఖాళీ బండి ఏ రోజు ఎక్కడుందో ఒక పట్టికలో కనిపించేలా నేను చేసి ఇస్తాను. సొంత యాప్ మాట వెనక్కి తీసుకోను, వాయిదా వేస్తున్నాను. అన్నట్టు, 2025 మార్చిలో లోక్‌సభలో అమిత్ షా సహకార టాక్సీ ప్రకటించారు, లాభం డ్రైవర్లకే అన్నారు. అది మన జిల్లాకు వచ్చేదాకా మనం ఆగనక్కర్లేదు కదా.

పెన్నా_ఒడ్డు | మంగళవారం, సాయంత్రం 4:45

పదిమంది ట్రావెల్స్ వాళ్లు ఒక మాట మీద ఉంటారట. చూద్దాం.

సింహపురి_చక్రాలు | మంగళవారం, రాత్రి 8:20

పెద్దాయన అనుమానం సబబే. అందుకే పదిమందితో కాదు, ముందు నలుగురితో మొదలుపెడుతున్నాను. గూడూరులో ఒకరు, తిరుపతిలో ఒకరు, చెన్నై పెరంబూరులో మన తెలుగాయన, నేను. ఒక సెడాన్‌ను యాప్‌లో పెడుతున్నాను, తిరుగు బేరం దొరకని రోజులకు. కొత్త ప్రయాణికులు ఎవరో కూడా తెలుస్తుంది. రెండో సెడాన్, ఇన్నోవా బయటే ఉంటాయి.

స్టీరింగ్ తమ్ముడూ, చెన్నైలో కాచుకునే గంటలకు డ్రైవర్‌కు ఎంత ఇవ్వాలో నువ్వే చెప్పు. మా డ్రైవర్లతో మాట్లాడే ముందు ఒక అంకె కావాలి.

ఆత్మకూరు_స్టీరింగ్ | మంగళవారం, రాత్రి 9:05

మొదటి రెండు గంటలు బేటాలోనే అన్నా. ఆ తర్వాత గంటకు వంద. రాత్రి పది దాటి కాచుకోమంటే భోజనం, పడక ఖర్చు వేరే. సీట్లో పడుకోబెట్టి మరుసటి పొద్దున నూట తొంభై కిలోమీటర్లు నడపమంటే మాత్రం ఎవరూ రావద్దని నేనే చెబుతాను.

ఒంగోలు_గ్రానైట్ | బుధవారం, ఉదయం 7:15

చక్రాలు గారూ, ఈ శుక్రవారం ఉదయం చెన్నై విమానాశ్రయంలో మా వాళ్లు నలుగురు దిగుతారు, ఒంగోలు రావాలి. మా బండి ఆ రోజు క్వారీలో ఉంటుంది. మీ ఇన్నోవా అటు వస్తోందా?

సింహపురి_చక్రాలు | బుధవారం, ఉదయం 7:40

వస్తోంది. తెల్లవారుజామున ఒక కుటుంబాన్ని విమానాశ్రయంలో దింపుతుంది. వన్‌వే ధరకే ఇస్తాను. కాకపోతే నెల్లూరు దాటి ఒంగోలు దాకా వస్తే అక్కడి నుంచి మళ్లీ 120 కిలోమీటర్లు ఖాళీ. ఆ ఖాళీలో సగం మీరు పెట్టుకోవాలి.

ఒంగోలు_గ్రానైట్ | బుధవారం, ఉదయం 7:52

సగం ఎందుకండీ? శుక్రవారం సాయంత్రం మా ఆడిటర్ గారు కావలి వెళ్లాలి. ఆయన్ని ఎక్కించుకోండి.

లెక్కల_మాస్టారు | బుధవారం, ఉదయం 8:10

ఆ బండి ఎన్నింటికి బయలుదేరుతుందో చెప్పండి. ఒంగోలులో నాకూ పని ఉంది, కావలి దాకా సీటు ఉంటే వస్తాను. ధర మాత్రం ముందే చెప్పాలి.